చేనిలో పడిన అడవిమృగము: కత్తి పెట్టుటకు ముందు తెలిసికొనవలసిన చట్టము

(సంఘ సభ్యుల నెలసరి సమావేశమునందు చదివి చర్చింపదగిన పాఠము)

వేరుసెనగ కాయ పట్టునాటికిని, మొక్కజొన్న కంకి పాలుపోసికొనునాటికిని అడవి అంచు గ్రామముల రైతునకు కంటిమీద కునుకుండదు. మంచెమీద కావలియున్నను, డబ్బాలు వాయించినను, అడవిపందుల మంద ఒక్క రాత్రిలో చేనంతయు కుళ్లగించి పోవును. విత్తనము, ఎరువు, కూలి సమస్తమును సంఘమునందు అప్పు చేసి పెట్టిన రైతునకు ఈ నష్టమెంతటిదో మేము వేరుగా వ్రాయనక్కరలేదు. అయినను ఈ నెల పాఠము పంది చేయు నష్టమును గూర్చినది కాదు. పంది చచ్చిన తరువాత రైతు తెలియక తనకు తాను చేసికొను నష్టమును గూర్చినది.

ఒక ఉదాహరణము ననుకొందము. తెల్లవారుజామున రైతు చేనికి పోయి చూడగా గట్టు ప్రక్కన అడవిపంది చచ్చి పడియున్నది. అతడు దానిని చంపలేదు. కుక్కలు కరచినవో, రోగము వచ్చినదో, ఎక్కడనో ఉచ్చు తెంపుకొని వచ్చి పడినదో అతనికి తెలియదు. ఇరుగుపొరుగువారు చేరుదురు. “నీ పంట తిన్న పంది, నీ చేనిలో చచ్చినది, ఇంకెవరిది?” అందురు. గడ్డి వేసి కాల్చి, కోసి, పోగులు వేసి, ఇంటికొక పోగు తీసికొందురు. మిగిలినది గోతమున కట్టి మోటారుసైకిలుమీద వియ్యంకుని ఊరికి పంపుదురు. దారిలో తనిఖీ జరుగును. సాయంకాలమునకు చేని యజమాని, పోగు తీసికొన్నవారు, బండి నడపిన కుఱ్ఱవాడు, అందరును ముద్దాయిలగుదురు. పందిని చంపనివారికి నేరమెట్లు వచ్చినది? దీనికి సమాధానమే ఈ పాఠము.

1. వేట లైసెన్సుల కాలము గడచినది

“మా తాతలు పందిని కొట్టి ఊరంతయు పంచిరి” అని పెద్దలు చెప్పుదురు. అది అబద్ధము కాదు. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తొలిదినములలో సయితము వేటకు లైసెన్సు లుండెను. పెద్ద మృగముల వేటకు, చిన్న మృగముల వేటకు వేర్వేరు లైసెన్సులను ఆ చట్టమే ఏర్పరచినది. 1991లో చట్టమును సవరించి ఆ లైసెన్సులను తీసివేసిరి. కావున తాతల నాటి వాడుక నేడు చెల్లదు.

2022లో చట్టమును మరల సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఇప్పుడు మన పొలములకు వచ్చు అడవిజంతువులలో పులి, చిరుత, ఎలుగుబంటి, కృష్ణజింక మొదలగునవి మొదటి షెడ్యూలునందున్నవి. అడవిపంది రెండవ షెడ్యూలునందున్నది. షెడ్యూలు మారినచో శిక్ష మారును గాని, రెండింటియందును వేట నిషిద్ధమే.

“వేట” యనగా తుపాకితో కాల్చుట మాత్రమే యని అనుకొనరాదు. ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, బోనున పట్టుట, తరుముట, ఎర వేయుట, గాయపరచుట, మృగము దేహములోని ఏ భాగమునైనను తీసికొనుట, వీనికి ప్రయత్నించుట సయితము చట్టమున వేటయే.

2. చచ్చిన మృగము ఎవరి సొత్తు?

ఈ పాఠమునకు మూలమైన సెక్షను 39వది. అనుమతిపై వేటాడబడినదైనను, చట్టవిరుద్ధముగ వేటాడబడినదైనను, తానై చచ్చి కనబడినదైనను, పొరపాటున చంపబడినదైనను, ఆ అడవిమృగము ప్రభుత్వపు సొత్తని ఆ సెక్షను చెప్పుచున్నది. చేను పట్టాదారునిదే, పంటయు అతనిదే. కాని దానిలో పడిన మృగము అతనిది కాదు. రహదారిపై లారీ క్రింద పడి చచ్చిన దుప్పికిని ఇదే నియమము.

అట్టి సొత్తు ఏ విధముగనైనను ఒకని స్వాధీనములోనికి వచ్చినయెడల, 48 గంటలలోపల దగ్గరి పోలీసు స్టేషనుకుగాని అధికారము గల అటవీ అధికారికిగాని తెలుపవలెను. అడిగినచో అప్పగింపవలెను. వ్రాతపూర్వకమైన అనుమతి లేక దానిని ఉంచుకొనుట, ఇతరులకిచ్చుట, నాశము చేయుట కూడదు. ఇందువలన రెండు సంగతులు తేలుచున్నవి. కోసి పంచుట తప్పు. భయపడి గుట్టుగా పూడ్చిపెట్టుటయు తప్పే. తెలియజెప్పుట యొక్కటే దారి.

3. మాంసమనగా నేమి?

చట్టమున “మాంసము” అను మాటకు అర్థమును వ్రాసియుంచిరి. రక్తము, ఎముక, నరము, క్రొవ్వు, తోలుతోనైనను తోలు లేకయైనను ఉండు కండ, అది పచ్చిదైనను వండినదైనను, అంతయు మాంసమే. కావున “మేము కోయలేదు, కూర మాత్రము తిన్నాము” అను మాట రక్షింపదు. పొయ్యిమీది కుండయు సాక్ష్యమే యగును.

ఇంకొక సంగతి. సామాన్యముగ నేరమును రుజువు చేయవలసినది ప్రభుత్వము. కాని ఈ చట్టపు 57వ సెక్షను ప్రకారము, ఒకనియొద్ద అడవిమృగపు మాంసము ఉన్నదని తేలినచో, అది అక్రమముగ నున్నదనియే కోర్టు మొదట భావించును. కాదని చూపు భారము ఆ మనుష్యునిపై పడును. చేనిలో దొరికినదని నోటిమాటగా చెప్పిన రైతుకంటె, దొరికిన గంటలోనే తెలియజెప్పిన రైతుకు రక్షణ యెక్కువ. ఆ వేళనాటి తెలియజెప్పుటయే అతని సాక్ష్యము.

4. బండి యెక్కించినవాని బాధ్యత

మృగమును తరలించుట వేరుగా విచారింపదగిన విషయము. 48-ఎ సెక్షను ప్రకారము, అడవిమృగమునుగాని దానితో చేసిన వస్తువునుగాని రవాణాకు తీసికొనువాడు, అధికారి అనుమతి యున్నదో లేదో శ్రద్ధగా విచారించిన తరువాతనే తీసికొనవలెను. కావున ఆటో నడుపువాడుగాని, ట్రాక్టరు యజమానిగాని “గోతములో నేమున్నదో నాకేమి తెలియును” అని తప్పించుకొనలేడు. మాంసమును దాచియుంచుట, మోసికొనిపోవుట ప్రభుత్వపు సొత్తును ఉంచుకొనుటయే యగును.

అటవీ అధికారులును, సబు ఇన్‌స్పెక్టరునకు తక్కువకాని పోలీసు అధికారులును బండిని ఆపి సోదా చేయవచ్చును. నేరమునకు ఉపయోగించిన బండి, ఆయుధము, ఉచ్చు, పనిముట్టు స్వాధీనము చేసికొందురు. ఇవియు ప్రభుత్వపు సొత్తగునని 39వ సెక్షనే చెప్పుచున్నది. సంఘపు అప్పుతో కొన్న మోటారుసైకిలు పోయినను వాయిదాలు ఆగవు. రెండు సేర్ల మాంసమునకై ఏ మాత్రపు సొత్తును పణము పెట్టుచున్నామో సభ్యులే లెక్క వేసికొనవలెను.

5. శిక్షలు

2023 ఏప్రిలునుండి అమలులోనున్న ప్రకారము, అడవిపంది వంటి రెండవ షెడ్యూలు జంతువును గూర్చిన సామాన్యపు నేరమునకు 3 సంవత్సరములవరకు జైలు, లేక ఒక లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మొదటి షెడ్యూలు జంతువైనను, అభయారణ్యములోగాని జాతీయవనములోగాని వేట జరిగినను, జైలు 3 సంవత్సరములకు తగ్గదు, 7 సంవత్సరములవరకు పోవచ్చును. జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. పంటకావలికై తుపాకి లైసెన్సు గలవాడు ఆ తుపాకితో నేరము చేసినచో, కోర్టు లైసెన్సును రద్దుపరచి, శిక్షపడిన నాటినుండి 5 సంవత్సరములు మరల లైసెన్సు పొందకుండ చేయవచ్చును.

ఇందొక చిక్కు కలదు. పందికై పన్నిన ఉచ్చు పందినే పట్టునని నమ్మకము లేదు. చిరుత పడినను, ఎలుగు పడినను, పన్నినవాడు మొదటి షెడ్యూలు నేరములో చిక్కును. ఉచ్చునకు మృగముల పేర్లు తెలియవు.

6. విద్యుత్తు తీగ, నాటుబాంబు

చేనిచుట్టు తీగ లాగి స్తంభమునుండి కొక్కెము వేసి కరెంటు పెట్టుట మన ప్రాంతములలో ఎన్నియో ఇండ్ల దీపములార్పిన పని. నీళ్లు కట్టబోయిన ప్రక్కచేని రైతు, పశువులను వెదకుచు వచ్చిన పిల్లవాడు, మరచిపోయి అడుగుపెట్టిన చేని యజమాని స్వయముగ, ఈ తీగలకు బలియైనారు. అప్పుడది వన్యప్రాణి కేసు మాత్రము కాదు. మనుష్యుని ప్రాణము తీసిన కేసు, విద్యుచ్ఛౌర్యపు కేసు కూడ నగును. పిండిముద్దలో దాచిన నాటుబాంబు కొఱికి నోరు పగిలిన ఆవులను చూచినవారు మన సభ్యులలో నుందురు. అట్టి బాంబు చేయుటయు, దాచుటయు పేలుడు పదార్థముల చట్టము ప్రకారము వేరొక పెద్దనేరము.

బ్యాటరీనుండి క్షణకాలపు దెబ్బలు మాత్రమిచ్చు సౌరకంచె వేరు. స్తంభమునుండి నేరుగా తీసిన తీగ వేరు. మొదటిది భయపెట్టి తరుమును, రెండవది చంపును. ఈ భేదమును సభ్యులు ఇంటిలోని పిల్లలకు సయితము బోధింపవలెను.

7. అనుమతితో చంపుట, ప్రాణరక్షణకై చంపుట

చట్టము రైతు మొరను బొత్తిగా విననిది కాదు. 11వ సెక్షను ప్రకారము, రెండవ షెడ్యూలు జంతువు మనుష్యుల ప్రాణమునకుగాని, నిలిచిన పంటతో సహా ఆస్తికిగాని అపాయకరమైనదని అధికారము గల అధికారి నమ్మినయెడల, కారణములు చూపి, వ్రాతమూలముగ, నిర్ణీతమైన ప్రదేశములో దానిని వేటాడుటకు అనుమతి నీయవచ్చును. మొదటి షెడ్యూలు జంతువును గూర్చి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడే నిర్ణయింపవలెను. అందును పంటనష్టము కారణము కాదు, మనుష్యప్రాణమునకు అపాయముండవలెను, లేదా మృగము తేరుకొనలేని రోగములోనో వైకల్యములోనో ఉండవలెను.

కేరళ ప్రభుత్వము 2022లో ఈ యధికారమును గ్రామపంచాయతీ అధ్యక్షులవరకు దింపినది. అక్కడ సయితము విషము, పేలుడు పదార్థము, విద్యుత్తు వాడరాదని నియమించిరి. మన రాష్ట్రములలో ఈ యధికారము ఏ యుత్తర్వు ప్రకారము ఎవరియందున్నదో రేంజి అధికారి కార్యాలయమున అడిగి, వ్రాతలో తెలిసికొనుట మంచిది. నోటిమాటపై ఎవరును తుపాకి యెత్తరాదు.

అనుమతిపై చంపిన మృగము కూడ ప్రభుత్వపు సొత్తే యని పైన చెప్పితిమి. అనుమతి చంపుటకు మాత్రమే. కోసి పంచుకొనుటకు కాదు. ఈ సంగతి తెలియక, అనుమతి పొందియు చిక్కులలో పడుట కలదు.

మీదికి దూకిన మృగమునుండి తన ప్రాణమునుగాని పరుల ప్రాణమునుగాని కాపాడుకొనుటకు సద్బుద్ధితో చంపినచో అది నేరము కాదు. కాని అప్పటికే ఉచ్చు పన్నుచునో వేటాడుచునో ఉన్నవానికి ఈ రక్షణ వర్తింపదు. అట్లు చచ్చిన మృగమును ప్రభుత్వపు సొత్తే. పంటను కాచుట ప్రాణరక్షణ క్రిందికి రాదు.

“పందిని చీడజంతువుగా ప్రకటించిరట” అని అప్పుడప్పుడు వదంతి పుట్టుచుండును. అట్లు ప్రకటించు అధికారము కేంద్ర ప్రభుత్వమునకే కలదు. అదియు ఒక ప్రాంతమునకు, ఒక గడువునకు మాత్రమే. 2015 డిసెంబరులో బీహారునందు అడవిపందిని, మనుబోతును, 2016లో ఉత్తరాఖండమునందు అడవిపందిని కొన్ని జిల్లాలలో ఒక్కొక్క సంవత్సరమునకు అట్లు ప్రకటించిరి. ఒక రాష్ట్రపు ప్రకటన మరియొక రాష్ట్రమున చెల్లదు.

8. వేట చెల్లు దేశములలో నెట్లున్నది?

అమెరికాలో నున్న మన బంధువులు అచ్చట జింకల వేట బహిరంగముగ జరుగునని చెప్పగా, మనకు మాత్రమే ఈ కట్టుబాట్లేల యని కొందరడుగుదురు. అచ్చట వేట చెల్లును గాని కళేబరమునకు కట్టుబాటు లేకపోలేదు. ఆ దేశపు రాష్ట్రములలో చాలవరకు లైసెన్సుతోపాటు చీటి యిత్తురు. చంపినచోటనే ఆ చీటిని మృగమునకు తగిలింపవలెను. మగదో ఆడదో తెలియు గుర్తును కోసివేయక ఇల్లు చేరువరకు ఉంచవలెనని అనేక రాష్ట్రముల నియమము. తినదగిన మాంసమును అడవిలో పారవేసి పోవుట పలుచోట్ల నేరము. 1967లో కొలరాడో రాష్ట్రమున మొదట గమనింపబడిన జింకల క్షయరోగము వ్యాపింపకుండుటకై, రోగమున్న ప్రాంతమునుండి మృగపు మెదడు, వెన్నుపూస దాటింపరాదని అనేక రాష్ట్రములు శాసించినవి. వేట చెల్లినను చెల్లకున్నను, కోయుచోటను తరలించుదారిని చట్టము కనిపెట్టియుండుట అన్నిచోట్లను కలదు.

9. కోయకుండుటకు ఆరోగ్యకారణము

ఎందుచేత చచ్చెనో తెలియని మృగమును తాకుటయే అపాయము. విషము తిని చచ్చినదేమో చెప్పలేము. సరిగా ఉడకని అడవిపంది మాంసమువలన ట్రైకినెల్లా యను సన్నని పురుగు మనుష్యుని కండరములలో చేరవచ్చును. ఆఫ్రికా పందిజ్వరము 2020లో మన దేశమున మొదట అస్సాము, అరుణాచల ప్రదేశములలో బయటపడినది. అది మనుష్యులకు సోకదు. కాని ఊరపందులకును అడవిపందులకును ప్రాణాంతకము, చికిత్స లేదు. రక్తము, మాంసము, కత్తి, గోతము, చెప్పుల అడుగు, వీనివెంట ఆ రోగము ఊరునుండి ఊరికి పోవును. పందులపెంపకముపై జీవించు కుటుంబములున్న గ్రామమున, ఒక గోతెడు మాంసము వారి బ్రదుకును కూల్చవచ్చును.

10. మృగము కనబడినపుడు చేయవలసినవి

మొదట, ముట్టుకొనరాదు, జరుపరాదు, తోలు తీయరాదు. దగ్గర తీగ యున్నచో అందు కరెంటున్నదనియే భావించి దూరముగ నిలిచి విద్యుత్ సిబ్బందికి తెలుపవలెను. కుక్కలను, పిల్లలను రానీయరాదు.

రెండవది, వెంటనే బీటు అధికారికిగాని, రేంజి కార్యాలయమునకుగాని, పోలీసు స్టేషనుకుగాని తెలుపవలెను. 48 గంటలు చట్టపు హద్దు. రైతు మేలునకు 48 నిమిషములును ఎక్కువే.

మూడవది, ఫోటో తీసి, ఒక కాగితమున తేది, గంట, సర్వే నంబరు, మృగమును మొదట చూచినవారి పేరు, ఎవరికి ఎన్నిగంటలకు తెలిపినది వ్రాసి, ఇద్దరు సాక్షులచే సంతకము చేయించి దాచుకొనవలెను.

నాలుగవది, అధికారులు వచ్చి పంచనామా వ్రాయునపుడు, చదివి వినిపించుకొనిన తరువాతనే సంతకము చేయవలెను. కళేబరమును పూడ్చుటయో కాల్చుటయో వారి యెదుట, వారి ఆజ్ఞపై జరుగవలెను.

అయిదవది, పంటనష్టమునకు వేరుగా దరఖాస్తు పెట్టవలెను. పాసుపుస్తకపు నకలు, అడంగలు లేక పహాణీ, నష్టపు ఫోటోలు జతపరుపవలెను. దున్ని చదును చేయకముందే వ్యవసాయాధికారిని, అటవీ సిబ్బందిని చేనికి పిలువవలెను. ఏ జంతువునకు, ఏ పంటకు ఎంత పరిహారమో ప్రభుత్వపు ఉత్తర్వులనుబట్టి మారుచుండును గావున, ఆ యేటి ఉత్తర్వును కార్యాలయమున అడుగవలెను.

11. సంఘము చేయదగిన పని

ఒంటరి రైతు రాత్రి కోపమున తీగ లాగును. పదిమంది కలిసినచో ఉపాయము దొరకును. అడవి అంచు చేలు గల సభ్యులు ఒక జట్టుగా చేరి కావలి వంతులు వేసికొనవచ్చును. ఒక్కొక్కరు వేరుగా కొనలేని సౌరకంచెను ఉమ్మడిగా వేసికొనవచ్చును. వేరుసెనగచుట్టు ముండ్లు గల కుసుమను గట్టుపంటగా దట్టముగ వేసినచో పందుల రాక తగ్గునని అనుభవము. సంఘ కార్యాలయమున నష్టముల పుస్తకమొకటి పెట్టి, తేది, సర్వే నంబరు, పంట, నష్టపు విస్తీర్ణము ప్రతిసారియు వ్రాయింపవలెను. 11వ సెక్షను క్రింద అనుమతి కోరునపుడు, పరిహారము కోరునపుడు ఆ పుస్తకము నూరు నోళ్లపెట్టు.

చట్టము రైతుపట్ల కఠినముగ నున్నదని తలచు సభ్యులు కలరు. ఆ తలంపును మేము తప్పుపట్టము. కాని దానిని మార్చుకొను సాధనము తీర్మానము, మహజరు, లెక్కలతో కూడిన విన్నపము. చీకటిలోని కత్తి కాదు. చీకటిలో కోసిన ప్రతి పందియు రైతు నష్టమును కాగితముమీదికి రాకుండ చేయుచున్నది. కాగితముమీదికి రాని నష్టమునకు పరిహారము లేదు, అనుమతియు లేదు.

చర్చకు ప్రశ్నలు

1. నీ చేనిలో తానై చచ్చిన అడవిపంది ఎవరి సొత్తు? ఎంత కాలములోపల ఎవరికి తెలుపవలెను?
2. వండిన కూర చట్టమున మాంసమగునా?
3. గోతమును బండిమీద తీసికొనిపోవువాడు ముందుగ విచారింపవలసినదేమి?
4. అనుమతిపై చంపిన పందిని పంచుకొనవచ్చునా? ఏల?
5. పందికై పన్నిన ఉచ్చులో చిరుత పడినచో శిక్ష ఎట్లు మారును?
6. మన గ్రామమున గడచిన యేడు జరిగిన పంటనష్టములలో ఎన్నింటికి దరఖాస్తులు పెట్టితిమి? పెట్టనివానికి కారణమేమి?

ఈ యారవ ప్రశ్నకు సమాధానమును సమావేశపు పుస్తకమున వ్రాసికొని, తక్కినవారు పెట్టవలసిన దరఖాస్తులను ఆ సాయంకాలమే సిద్ధపరచిన సంఘము ఈ పాఠమును నిజముగ చదివినదని మేము తలంతుము.